నడిస్తే నడువు, చూస్తే నిలబడు



ఇవాళ మెట్ల గురించి నాలుగు మాటలు చెప్తాను. మెట్ల గురించి చెప్పడానికేముంది, ఎక్కడం దిగడమే కదా అనుకుంటున్నారేమో. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. ఒకసారి కాలు తప్పాక ఆ ధీమా పోయింది.

నేను చెప్పేది అన్ని మెట్ల గురించీ కాదు. మ్యూజియాల్లో, పాత రాజభవనాల్లో, కోటల్లో ఉంటాయి చూడండి, వంపు తిరుగుతూ, చుట్టూ తిరుగుతూ పైకి పోయే మెట్లు. పక్కన నగిషీ చెక్కిన కటకటాలు. గోడల మీద పెద్ద పెద్ద చిత్రపటాలు. మేస్త్రీలు వీటిని రౌండు మెట్లు అంటారు. నేను చుట్టుమెట్లు అంటాను. అందంలో వీటికి సాటి లేదు. ఆ అందమే మన చూపు లాగేస్తుంది. చూపు పోయిన చోట కాలు తప్పుతుంది.

ఈ మెట్ల మీద పనికొచ్చే మాట ఒక్కటుంది. అది పుస్తకంలో చదివింది కాదు. మా పెద్దమ్మ చెప్పింది. "నడిస్తే నడువు, చూస్తే నిలబడు." అంతే. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట గురించే.

పోయిన వేసవిలో మదనపల్లె నుంచి మా పెద్దమ్మ బెంగళూరు వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఊరి నుంచి చుట్టాలొస్తే మా తిరుగుడు ఎట్లా ఉంటుందో బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. మొదటి రోజు లాల్‌బాగ్. రెండో రోజు విధానసౌధ ముందు ఒక ఫొటో, కబ్బన్ పార్కులో కాసేపు కూర్చోవడం. మూడో రోజు బెంగళూరు ప్యాలెస్.

ఆ ప్యాలెస్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఆ స్థలం మొదట రెవరెండ్ గారెట్ అనే దొరది. ఇప్పుడు సెంట్రల్ కాలేజీ అంటున్నామే, అది హైస్కూలుగా ఉన్నప్పుడు దానికి మొదటి ప్రిన్సిపాలు ఆయన. 1873లో దాన్ని మైసూరు రాజు చామరాజేంద్ర వడయార్ పేరిట కొన్నారు. ఖరీదు 40,000 రూపాయలు. ఆ రాజుకి అప్పటికి పదేళ్లే. 1878 నాటికి ఇప్పుడు మనం చూసే భవనం తయారైంది. ఇంగ్లండు కోటల పోలికలో బురుజులు పెట్టి కట్టారు. చుట్టూ తోట వేసింది జాన్ కామెరాన్. లాల్‌బాగ్‌ని పెంచినాయనే. మనం కూర వండుకునే బెంగళూరు వంకాయని ఈ ఊరికి తెచ్చింది కూడా ఆయనే అంటారు. ఈ మాట చెప్తే మా పెద్దమ్మకి ప్యాలెస్ మీద కాస్త గౌరవం కలిగింది.

లోపలికి వెళ్లాం. టికెట్టుతో పాటు చెవులకి పెట్టుకునే యంత్రం ఇచ్చారు. అది నడుస్తున్న కొద్దీ కథ చెప్తుంది. మొదటి అంతస్తులో దర్బారు హాలుంది. అక్కడికి పోవాలంటే అలంకారం చేసిన మెట్లు ఎక్కాలి. మెట్ల పక్క గోడల నిండా చిత్రపటాలు.

మాతో పాటు మెట్లెక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకాయన చెవిలో కథ వింటూ, తల పక్కకి తిప్పి పటం చూస్తూ, కాలు పైకెత్తి, ఆ కాలు ఎక్కడ దింపాలో తెలీక గాల్లోనే ఆపేశాడు. కొంగలాగా. ఒకమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుని వెనక్కి వెనక్కి ఒక మెట్టు దిగింది. ఒక పిల్లవాడు కటకటాల మధ్య తల పెట్టి కిందకి చూస్తున్నాడు. వాళ్లమ్మ వాడి చొక్కా పట్టుకుని తను పైకప్పు చూస్తోంది. నేనూ తక్కువ దాన్ని కాదు. పెద్దమ్మకి ఏదో పటం చూపిస్తూ, నడుస్తూనే చెయ్యి చాపాను.

పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అట్ల నడస్తా నడస్తా చూడొద్దు పాపా," అంది. "నడిస్తే నడువు. చూస్తే నిలబడు."

అని తను నడిచింది. ఎడం చేత్తో కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుంది. కుడి చెయ్యి కటకటాల పైన కొయ్య మీద. కళ్లు ముందున్న మెట్టు మీద. పటాల వైపు చూడనే లేదు. పైన చదునైన చోటుకి చేరింది. అక్కడ ఒక పక్కకి జరిగి, నిలబడి, వెనక్కి తిరిగింది. అప్పుడు చూడటం మొదలుపెట్టింది. తీరిగ్గా. ఒక్కొక్క పటం. వెనక వచ్చేవాళ్లకి అడ్డం లేదు. తనకి భయం లేదు.

ఎవరు నేర్పించారు పెద్దమ్మా ఇది అన్నాను. "బావి నేర్పించింది," అంది.

మా పెద్దమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో దిగుడుబావి ఉండేది. రాయలసీమలో చాలా ఊళ్లలో ఉండేవి. నీళ్లు చేదుకోవడానికి గిలక ఉండదు. మెట్లు దిగిపోయి బిందె ముంచుకుని రావాలి. ఎండాకాలం నీళ్లు అడుక్కి పోయేకొద్దీ దిగాల్సిన మెట్లు పెరుగుతాయి. రాళ్లు తడి. కింది మెట్ల మీద పాచి. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. పైనుంచి ఎవరో పలకరిస్తారు. "ఏమ్మే, మీ యమ్మకి జ్వరం తగ్గిందా?" అని. జవాబు చెప్పకపోతే పొగరంటారు. నడుస్తూ చెప్తే బిందె పోతుంది. అందుకని ఆడపిల్లలందరూ ఒకటే పని చేసేవాళ్లు. రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద ఆనించి, నిలబడి, జవాబు చెప్పి, మళ్లీ కదిలేవాళ్లు. నడక నడకే. మాట మాటే. రెండూ కలిపితే బిందె సొట్ట పడుతుంది. ఇంటికొస్తే వీపు వాస్తుంది.

అదీ సంగతి. మరి చుట్టుమెట్ల మీద ఈ మాట ఎందుకంత ముఖ్యం? దానికి కారణం మెట్టు ఆకారంలో ఉంది. ఇది వినేవాళ్లకి బొమ్మ గీసి చూపించలేను. అందుకని ఒక బొబ్బట్టు తీసుకుందాం.

గుండ్రటి బొబ్బట్టు. నడిమి నుంచి అంచు దాకా కోసి ఎనిమిది ముక్కలు చెయ్యండి. ఒక ముక్క చేతిలోకి తీసుకోండి. బయటి అంచు వెడల్పుగా ఉంటుంది. నడిమి కొస సూదిలాగా సన్నగా ఉంటుంది. చుట్టుమెట్టు ఆకారం సరిగ్గా ఇదే. ఇప్పుడు ఆ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి, కొంచెం కొంచెం పక్కకి జరుపుతూ పేర్చండి. బొబ్బట్టు చుట్టుమెట్లయింది.

ఇప్పుడు అందులో ఒక చీమ ఎక్కుతోందనుకోండి. బయటి అంచు వెంబడి పోతే ప్రతి మెట్టు మీదా దానికి బోలెడు చోటు. లోపలి కొస వెంబడి పోతే కాలు పెట్టడానికే చోటుండదు. మెట్టు అదే. చోటు మారింది, కొలత మారింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చుట్టుమెట్ల మీద మెట్టు కొలత మనం ఎక్కడ అడుగేస్తామన్న దాన్ని బట్టి మారిపోతుంది.

మామూలు తిన్నటి మెట్లు అట్లా కాదు. ఇంకో ఉదాహరణ చెప్తాను. బడికి పోయే పిల్లల దగ్గర రెండు స్కేళ్లుంటాయి. పెద్ద స్కేలు, చిన్న స్కేలు. పెద్దది 30 సెంటీమీటర్లు. కంపాసు పెట్టెలో పట్టే చిన్నది 15 సెంటీమీటర్లు. మన దేశంలో జాతీయ భవన నిర్మాణ నియమావళి అని ఒకటుంది. మొదటిసారి 1970లో వచ్చింది. పదిమంది తిరిగే భవనాల్లో మెట్టు వెడల్పు 30 సెంటీమీటర్లకి తగ్గకూడదు, ఎత్తు 15కి మించకూడదు అని అది చెప్తుంది. అంటే కాలు పెట్టే చోటు పెద్ద స్కేలంత. కాలు ఎత్తే ఎత్తు చిన్న స్కేలంత. ఇంటి మెట్లకి కాస్త సడలింపు ఇచ్చింది. వెడల్పు 25, ఎత్తు 19 దాకా ఒప్పుకుంటుంది. అందుకే మన ఇళ్లల్లో మెట్లు కొంచెం నిటారుగా ఉంటాయి. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో మెట్లు కొంచెం సుఖంగా ఉంటాయి.

ఈ కొలతల వెనక ఒక పాత లెక్క ఉంది. ఫ్రాన్సులో 17వ శతాబ్దంలో బ్లాండెల్ అనే వాస్తుశిల్పి చెప్పాడు. రెండు మెట్ల ఎత్తు, ఒక మెట్టు వెడల్పు, ఈ రెండూ కలిపితే మనిషి వేసే ఒక అడుగు దూరం రావాలి అన్నాడు. సుమారు 60, 65 సెంటీమీటర్లు. మన స్కేళ్లతో చూడండి. రెండు చిన్న స్కేళ్లు, ఒక పెద్ద స్కేలు. 15, 15, 30. మొత్తం 60. సరిపోయింది కదా.

తిన్నటి మెట్లు ఎక్కేటప్పుడు రెండు మెట్లయ్యేసరికి కాలు ఈ కొలత పట్టేస్తుంది. మూడో మెట్టు నుంచి కంటితో పని లేదు. కాలికి లెక్కలొచ్చు. అందుకే మన ఇంట్లో చీకట్లో కూడా మెట్లు దిగగలం. చేతిలో కాఫీ గ్లాసు పట్టుకుని, ఫోను మాట్లాడుతూ ఎక్కగలం. మంచి అలవాటు కాదు గాని, చేస్తూనే ఉంటాం.

చుట్టుమెట్ల మీద కాలికి ఆ లెక్క పనికిరాదు. ఒక అడుగు నాలుగు వేళ్లు లోపలికి పడిందంటే కొలత మారిపోతుంది. కాలు పాత కొలత ప్రకారం దిగుతుంది. అక్కడ మెట్టు ఉండదు. లేదా సగం ఉంటుంది. మడమ ఆనుతుంది, వేళ్లు గాల్లో ఉంటాయి.

సరే, అడుగు లోపలికి ఎందుకు పడుతుంది? ఇక్కడే చూపు సంగతి వస్తుంది. స్కూటరు నేర్చుకున్నవాళ్లకి ఇది తెలుసు. నేర్పేవాళ్లు మొదటి రోజే చెప్తారు. గుంత చూసుకో, కానీ గుంతనే చూస్తూ ఉండకు అని. గుంతనే చూస్తూ నడిపితే బండి గుంతలోకే పోతుంది. బెంగళూరు రోడ్ల మీద ఈ పాఠం నేర్చుకోవడానికి గుంతల కొరత లేదు. బండి ఎట్లాగో ఒళ్లూ అట్లాగే. చూపు ఎటు పోతే ఒళ్లు అటు ఒరుగుతుంది. చుట్టుమెట్ల మీద చూడాల్సిన వేడుకంతా తరచు నడిమి ఖాళీ వైపే ఉంటుంది. వేలాడే దీపాలు, కింద నేల మీద రంగురాళ్ల ముగ్గు, ఎదుటి వంపులో ఎక్కుతున్న మనుషులు. మనం అటు చూస్తాం. తెలీకుండా అటు జరుగుతాం. అటే మెట్టు సన్నగా ఉండేది.

నాకు జరిగింది ఇదే. ఒక ఊళ్లో పాత భవనం. ఇప్పుడది మ్యూజియం. ఊరి పేరు చెప్పను, ఎందుకంటే తప్పు భవనానిది కాదు, నాది. దిగుతున్నాను. నడిమి ఖాళీలోకి ఎండ పడి దుమ్ము బంగారంలాగా మెరుస్తోంది. దాన్నే చూస్తూ దిగాను. మెట్టు ఉందనుకున్న చోట లేదు. మూడు మెట్లు కూర్చుని దిగాను. ఎముకలు విరగలేదు. చేతిలో నీళ్ల సీసా మాత్రం కింద దాకా దొర్లుకుంటూ పోయింది. టంగు టంగుమని. హాల్లో అందరూ ఆ చప్పుడుకి తలెత్తి చూశారు. ఆ రోజు ఆ మ్యూజియంలో అందరూ చూసిన వస్తువు నేనే.

అందుకని మళ్లీ చెప్తున్నాను. నడిస్తే నడవండి. చూస్తే నిలబడండి.

ఇది కొత్త విద్యేం కాదు. మనకి బాగా తెలిసిన విద్యే. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లని గమనించండి. సాంబారు బకెట్టు పట్టుకున్న మనిషి పంక్తి వెంట గబగబా నడుస్తాడు. విస్తరి ముందుకి రాగానే నిలబడతాడు. వంగి, గరిటె వంచి, మళ్లీ లేచి కదులుతాడు. నడుస్తూ వడ్డించడు. వడ్డిస్తూ నడవడు. ఎంత తొందరలో ఉన్నా సరే. నడుస్తూ వడ్డిస్తే ఏమవుతుందో పట్టుచీర కట్టుకున్నవాళ్లని అడగండి. వడ్డన ఎట్లాగో మ్యూజియంలో చూపు అట్లాగే. అడుగు ఆగాకే చూపు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. చూస్తే నిలబడమన్నాను కదా అని ఎక్కడపడితే అక్కడ నిలబడకూడదు. పెద్దమ్మ ఎక్కడ నిలబడింది? మెట్టు మీద కాదు. చదునైన చోట. మెట్ల వరస మధ్యలో, మలుపు దగ్గర, చివర, వెడల్పుగా నేల వస్తుంది చూడండి. మేస్త్రీలు ల్యాండింగు అంటారు. మనం అరుగు అనుకుందాం. నిలబడాల్సింది ఆ అరుగు మీద. అక్కడ కూడా ఒక పక్కకి జరిగి.

తిరుమల కొండకి నడిచి వెళ్లినవాళ్లకి ఈ మర్యాద బాగా తెలుసు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. కాళ్లు నొప్పి పుట్టని మనిషి ఉండడు. కానీ ఆయాసం తీర్చుకోవాలంటే ఎవరైనా దారి ఓరకి జరుగుతారు. మండపం కనిపిస్తే అక్కడ కూర్చుంటారు. నడిమెట్టు మీద కూర్చుంటే వెనకవాళ్లు గోవిందా అంటారు, దేవుణ్ణి కాదు, మనల్ని. మ్యూజియం మెట్లకి కూడా అరుగే మండపం.

నడిమెట్టు మీద ఆగితే ఏమవుతుంది అంటారా? ఒక్కరు ఆగితే ఏమీ కాదు. వెనకవాళ్లు విసుక్కుంటారు, అంతే. గుంపులో, ఇరుకు మెట్ల మీద కదలడానికి దారి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మనసు రాదు. కానీ చెప్పాలి. ఢిల్లీలో కుతుబ్ మినార్ ఉంది. దాని లోపల 379 చుట్టుమెట్లు. ఒకప్పుడు జనాన్ని లోపలికి ఎక్కనిచ్చేవాళ్లు. 1981 డిసెంబరు 4న లోపల జనం కిక్కిరిసి ఉండగా కరెంటు పోయింది. ఇరుకు మెట్లు. చీకటి. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఒకే దారిలో. తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బడిపిల్లలు. ఆ తర్వాత ఆ మెట్లు జనానికి మూసేశారు. ఇప్పటికీ మూసే ఉన్నాయి.

ఇక మనకి దగ్గరి ఉదాహరణ చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. ఒక్కో మినారు లోపల 149 చుట్టుమెట్లు. హైదరాబాదు వెళ్లి అక్కడ ఎక్కినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గోడ భుజానికి తగులుతుంది. ఎదురుగా ఎవరైనా దిగితే ఒకరు గోడకి అతుక్కుపోవాలి. మెట్లు నాలుగు వందల ఏళ్ల అడుగులకి నునుపు తేలాయి. కర్ణాటకలో విజయపుర గోల్ గుంబజ్ కూడా అంతే. నాలుగు మూలలా నాలుగు బురుజులు, వాటి లోపల మెట్లు. ఎక్కితే గుసగుసలు వినిపించే ఆ పెద్ద గుమ్మటం వస్తుంది. ఇట్లాంటి చోట్ల దారిలో చూడటానికి ఏమీ ఉండదు. చూడాల్సిందంతా పైన ఉంటుంది. కాబట్టి పైకి చేరే దాకా ఒకటే పని. నడక. కిటికీ కనిపించింది కదా అని తల పెట్టి చూడొద్దు. పిల్లలు ఫొటో అడిగితే పైన అనండి.

ఈ చిక్కుని కట్టడంతోనే విప్పినవాళ్లు కూడా ఉన్నారు. రోము నగరంలో, పోపు గారి వాటికన్ మ్యూజియంలో, 1932లో జుసెప్పే మోమో అనే ఆయన గొప్ప చుట్టుమెట్లు కట్టాడు. ప్రపంచంలో జనం ఎక్కువగా ఫొటోలు తీసే మెట్లలో అవి ఒకటి. పైనుంచి చూస్తే నత్తగుల్ల లోపలికి తొంగిచూసినట్టుంటుంది. అంచున కంచు కటకటాలు, వాటి మీద నగిషీ. అందం సరే. ఉపాయం చూడండి. అది ఒక మెట్ల వరస కాదు. రెండు. ఒకదానిలో ఒకటి పెనవేసుకుని తిరుగుతాయి. ఆడపిల్ల జడలో పాయల్లాగా. ఒక పాయలో ఎక్కేవాళ్లు, ఇంకో పాయలో దిగేవాళ్లు పోవాలని అట్లా కట్టాడు. ఒకరికొకరు కనిపించేవాళ్లు గాని ఎదురుపడేవాళ్లు కాదు. పైగా మెట్లు వెడల్పు, ఎత్తు తక్కువ.

మన దగ్గర ఉన్న పాత భవనాల్లో అట్లాంటి జంటమెట్లు సాధారణంగా ఉండవు. ప్యాలెస్ కట్టినప్పుడు మెట్లెక్కింది రాజు, ఆయన పరివారం, పిలిస్తే వచ్చిన పెద్దమనుషులు. ఆదివారం నాడు ఊరూరి నుంచీ బస్సుల్లో జనం వస్తారని ఎవరు అనుకున్నారు? మెట్లు అవే, మనుషులు పెరిగారు. వాటికన్‌లో రాయి చేసిన పనిని ఇక్కడ మన మర్యాద చెయ్యాలి.

మర్యాద అంటే పెద్ద సంగతేమీ కాదు. వెడల్పు అంచు ఎవరికివ్వాలో తెలుసుకోవడమే. నేను చెప్పేది దిగేవాళ్లకివ్వమని. ఎందుకంటే ఎక్కేటప్పుడు పైమెట్టు మన కళ్లెదుట ఉంటుంది. దిగేటప్పుడు కాళ్ల కింద ఉంటుంది. కొంతమందికి పొట్ట చాటున ఉంటుంది. ఎక్కేటప్పుడు తూలితే చేతులు ముందుమెట్టు మీద ఆనుతాయి. దిగేటప్పుడు తూలితే ముందు ఉండేది గాలి. అందుకని దిగేవాళ్లకి, పెద్దవాళ్లకి, చంటిబిడ్డని ఎత్తుకున్నవాళ్లకి బయటి అంచు వదలండి. బయటి అంచు అంటే ఏది? బొబ్బట్టు ముక్క వెడల్పుగా ఉన్న వైపు.

ఇంకొక మాట కళ్లద్దాల గురించి. నలభై దాటినవాళ్లలో చాలామందివి రెండు రకాల చూపున్న అద్దాలు. పైభాగంలో దూరం, కిందిభాగంలో చదువు. మెట్లు దిగేటప్పుడు కళ్లు మాత్రం కిందికి దింపి చూస్తే, మెట్టుని చదువుకునే అద్దంలోంచి చూసినట్టవుతుంది. మెట్టు మసకబారుతుంది. అంచు ఎక్కడుందో తెలీదు. కాబట్టి కళ్లు దింపడం కాదు, తల వంచండి. పైభాగంలోంచి మెట్టు చూడండి. రాజుగారి భవనంలో తల వంచితే తప్పులేదు.

చెయ్యి సంగతి కూడా చెప్పాలి. కటకటాల మీద ఒక చెయ్యి ఉండాలంటే ఆ చెయ్యి ఖాళీగా ఉండాలి. మన చేతులు ఎప్పుడు ఖాళీగా ఉంటాయి? ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో సంచి. చీర కట్టుకున్నవాళ్లకి కుచ్చిళ్లు ఎత్తడానికి ఇంకో చెయ్యి కావాలి. దేవుడు రెండే ఇచ్చాడు. మెట్ల దగ్గరికి రాగానే ఫోను సంచిలో వెయ్యండి, సంచి భుజాన తగిలించండి. చెవిలో కథ చెప్పే యంత్రం ఉంటే దాన్ని కూడా కాసేపు ఆపండి. రాజుగారి కథ రెండు నిమిషాలు ఆగుతుంది. నూట యాభై ఏళ్ల నాటి సంగతే కదా.

పిల్లలకి ఎట్లా చెప్పాలి? చూడొద్దు అని చెప్తే పిల్లలు తప్పకుండా చూస్తారు. మా అన్నయ్య మనవడు కూడా ఆ రోజు మాతో ఉన్నాడు. ఏడేళ్లు. వాడికి పెద్దమ్మ ఒక ఆట నేర్పింది. మెట్లు లెక్కపెట్టమంది. పైకి చేరాక లెక్క చెప్తేనే పటాల్లో ఎవరెవరున్నారో చూపిస్తానంది. లెక్కపెట్టేవాడి కళ్లు మెట్ల మీదే ఉంటాయి. మధ్యలో పక్కకి చూస్తే లెక్క తప్పుతుంది. వాడు మొదటిసారి తప్పాడు. కిందికి పోయి మళ్లీ ఎక్కుతానన్నాడు. అది వేరే కథ.

బెంగళూరులోనే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య సాంకేతిక మ్యూజియం ఉంది. 1962లో నెహ్రూ గారు ప్రారంభించారు.   సెలవు రోజుల్లో అక్కడ పిల్లలు యంత్రాలు చూస్తూ ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి పరుగులు తీస్తుంటారు. మీ పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఈ లెక్కల ఆట ఆడించి చూడండి. అక్కడి మెట్లు ఎన్నో నేను చెప్పను. వాళ్లే చెప్తారు.

ఇంతసేపూ జాగ్రత్త గురించే మాట్లాడాను. పడకుండా ఉండటానికే ఈ మాట పనికొస్తుందని మీరనుకుంటారేమో. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. పెద్దమ్మ ఊరికి వెళ్లిన నెల తర్వాత ఫోను చేసింది. అవీ ఇవీ మాట్లాడి, ప్యాలెస్ మాట ఎత్తింది.

"ఆ పైన హాల్లో రంగుల అద్దాల కిటికీలు ఉండాయి గదా," అంది. "ఆ వెలుగు నా చీర మీద పడింది. ఒక పక్క ఎర్రగా, ఒక పక్క పచ్చగా. నేను రవ్వంత జరిగితే రంగు మారేది. అట్లనే నిలబడుకోని చూస్తా ఉంటిని. నువ్వు చూసినావా?"

నేను చూడలేదు. ఆ హాల్లో రంగుటద్దాలున్నాయని తెలుసు. పెద్ద ఏనుగు తల ఉందని తెలుసు. ప్రతి చుట్టానికీ చూపిస్తాను. ఐదారుసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ నడుస్తూ చూశాను. ఫొటోలు తీశాను. నా ఫోనులో ఆ కిటికీలున్నాయి. ఆ వెలుగు ఒంటి మీద పడితే ఎట్లా ఉంటుందో మాత్రం నాకు తెలీదు.

ఆవిడ ఒక్కసారే వెళ్లింది. నిలబడింది.

వచ్చే ఆదివారం నేను మళ్లీ వెళ్దామనుకుంటున్నాను. ఈసారి చుట్టాలెవరూ లేరు. ఫోను సంచిలో, చెయ్యి కొయ్య మీద, కళ్లు మెట్టు మీద. పైకి చేరాక కిటికీ పక్కన ఒక చోటు చూసుకుని నిలబడతాను. మీరూ ఎక్కడైనా అట్లాంటి మెట్లెక్కితే మా పెద్దమ్మ మాట గుర్తుచేసుకోండి. నడిస్తే నడవండి. చూస్తే నిలబడండి.